ఆహ్వానించువారు

మా షాపులో నేను ఇన్నేళ్లుగా టైపు కొట్టిన శుభలేఖలన్నింటినీ ఒక కంప్యూటరు చదివేసిందట. చదివి, ఇప్పుడు అడిగినవాళ్లకు అడిగినట్టు శుభలేఖలు రాసిస్తోందట. ఒక్క పెండ్లికి పోలేదు, ఒక్క విస్తరి ముందు కూర్చోలేదు, ఒక్క అలిగిన వియ్యంకుణ్ణి బతిమాలలేదు. అయినా రాసిస్తుందట.

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు పోయే పెద్ద రోడ్డు వెనక సందులో మా షాపు. జిరాక్సు, స్పైరల్ బైండింగు, కరపత్రాలు, శుభలేఖలు. మైత్రీవనం కోచింగు సెంటర్ల పిల్లలు నోట్సు కాపీలకు వస్తారు. అక్కడ వచ్చిన ప్రతి కోర్సుకూ కరపత్రం కొట్టాను, పోయిన కోర్సులకు మాత్రం ఎవరూ కొట్టించలేదు. ఇప్పుడు ఆ సెంటర్లవాళ్లే యంత్రం చేత రాయించడం నేర్పుతామని కొట్టించుకుపోతున్నారు. నేను బడిలో చదివింది తక్కువ. లక్డీకాపూల్ దగ్గర ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చే పనికి కుదిరి, తిరగేసి చదవడం ముందు నేర్చుకున్నాను, సరిగ్గా చదవడం తర్వాత. ఆ ప్రెస్సు మూతపడ్డాక ఈ షాపులో కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఓనరు కోస్తా మనిషి, నాకంటే చాలా చిన్నవాడు. నన్ను బాబాయ్ గారూ అంటాడు, పని మాత్రం పాలేరుకు చెప్పినట్టు చెప్తాడు.

పోయినేడు వానాకాలంలో ఒక పిల్ల వచ్చింది. మా సందు చివర కర్రీ పాయింటు నడిపే ఆమె కూతురు. చిన్నప్పుడు మా షాపులోనే లెక్కల పుస్తకాలు జిరాక్సు తీయించుకున్న పిల్ల. ఇప్పుడు సోమాజిగూడలో ఏదో ఆఫీసులో పనిచేస్తోంది. యంత్రానికి తెలుగు నేర్పాలంటే తెలుగులో రాసినవి వేలకు వేలు కావాలని, వాటిని పోగుచేయడమే తన పని అని చెప్పింది. ఆ పోగుకు ఇంగ్లీషులో కార్పస్ అని పేరట.

“అంటే కుప్ప” అన్నాను.

“కుప్పనే తాతా” అని నవ్వింది. “వార్తలు దొరికినయి, సర్కారు కాయిదాలు దొరికినయి. గిట్ల పెండ్లి కార్డులు, కర్మ కార్డులు, గృహప్రవేశాలు దొరకలే. మీ పాత కంప్యూటర్ల ఉంటయి గద, జర ఇయ్యరాదు.”

“మనోళ్ల పేర్లన్నీ ఊరికి పంచుతవా?”

“పేర్లు, ఫోన్లు, అడ్రసులు అన్ని తీసేస్తం. ఉత్త మాటలే ఉంచుకుంటం.”

“పేర్లు తీసేస్తే ఇంక మిగిలేదేంది? పెండ్లివాళ్లు లేని పెండ్లి.”

“గదే కావాలె మాకు.”

నాకు నచ్చలేదని మా ఓనరుకు తెలిసింది. “ఏంటి బాబాయ్ గారూ మీ బాధ? అటక మీద ఎలకలు కొరుక్కుతినే బదులు ఆ అమ్మాయికిస్తే పుణ్యం కదా” అన్నాడు.

“ఎలుకలు చదవయి గద” అన్నాను.

నా మాట చెల్లలేదు. పాత కంప్యూటరు అటక దిగింది. రెండు భాషల కార్డులు చూసి ఆ పిల్ల ఎక్కువ సంబరపడింది. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉంటే అనువాదం నేర్పడానికి అంతకంటే మంచిది లేదట. రెండు పక్కలా ఒకే మాట ఉంటుందని వాళ్ల నమ్మకం. నాకు కోపం, నవ్వు కలిసి వచ్చాయి. తెలుగు పక్క చుట్టాలకు, ఇంగ్లీషు పక్క ఆఫీసువాళ్లకు. తెలుగు పక్క “చందన తాంబూలాదులు స్వీకరించి” అని ఉంటే, అదే చోట ఇంగ్లీషు పక్క “డిన్నరు ఎనిమిదింటికి” అని ఉంటుంది. తెలుగు పక్క ముహూర్తం, ఇంగ్లీషు పక్క పార్కింగు. ఇవి రెండూ ఒకటే అనుకొని నేర్చుకునేవాడు ఏమవుతాడు? ఆ మాటే అడిగాను.

“కుప్ప పెద్దగుంటే తప్పులు కొట్టుకపోతయి తాతా” అంది.

ఎక్కడికి కొట్టుకుపోతాయో చెప్పలేదు.

తర్వాత ఎండాకాలంలో తల్లీకూతుళ్లు కలిసి వచ్చారు. పిల్లకు సంబంధం కుదిరింది. తల్లిని నేను రోజూ చూస్తాను. మా సందులోని హాస్టళ్ల పిల్లలకు ఆమె చేతి కూరే మధ్యాహ్నం. పిల్ల నడక నేర్వకముందే భర్త పోయాడు. పొయ్యి ముందు నిలబడి నిలబడి ఆమెకు కూర్చోవడం అలవాటు తప్పింది. స్టూలు వేస్తే దాని మీద సంచి పెట్టి తాను నిలబడింది.

పిల్ల ఫోను నా చేతికిచ్చింది. “మా యంత్రంతోని రాపిచ్చిన తాతా. చదువు.”

చదివాను. తప్పు పట్టడానికి లేదు, అచ్చం నా రాతే. శ్రీరస్తు, శుభమస్తు, సకుటుంబ సపరివార సమేతముగా. నేను ఎక్కడ కామా పెడతానో అక్కడే కామా. కీర్తిశేషులైన తండ్రి గారి ఏకైక పుత్రిక అని ఉంది. కింద ఆహ్వానించువారు అన్నచోట పెదనాన్న, పెద్దమ్మల పేర్లు ఉన్నాయి. తల్లి పేరు పైనుంచి కింది దాకా వెతికినా లేదు.

“అమ్మ పేరేది?”

“నేను అన్ని చెప్పిన. అమ్మ పేరు, నాయన పేరు, పెదనాయన పేరు. గిట్ల రాసింది. మా అమ్మ పిలుస్తుంది, అమ్మ పేరు పెట్టు అని మళ్ల చెప్పిన. అప్పుడు గిది రాసింది.”

రెండోది చూపింది. ఆహ్వానించువారు అన్నచోట తల్లి పేరు ఉంది. దాని పక్కన కీ.శే. అని తండ్రి పేరు. ఆ పక్కన దంపతులు. ఇంగ్లీషు పక్క కూడా అంతే, చనిపోయిన తండ్రీ బతికున్న తల్లీ కలిసి మీ రాక కోరుతున్నారని.

తల్లి కూతురి భుజం మీదుగా చూస్తూ, “సచ్చినాయన పెండ్లికి పిలుస్తుండా? ఎవరన్న వస్తరానే భయంలేకుంట?” అంది. నవ్వుతూనే అంది. నవ్వు అయిపోయాక మాత్రం ఫోనును బోర్లా పెట్టింది.

“కుప్పల ఏది ఎక్కువసార్లుంటే గదే ముందటికొస్తది” అని పిల్ల నాకు సంజాయిషీ చెప్పింది. “పిలిచే కాడ అమ్మ ఒక్కతే ఉన్న కార్డులు లేవన్నట్టే. అందుకే ఎవరినో ఒకరిని తోడు తెస్తుంది.”

లేవని నాకు తెలుసు. ఆ కుప్ప పోసింది నేను గనుక. తండ్రి లేని పిల్ల పెండ్లికి మేనమామ పిలుస్తాడు, పెదనాన్న పిలుస్తాడు, మీసం మొలవకపోయినా అన్న పిలుస్తాడు. కీర్తిశేషులు ఫలానా వారి పుత్రిక అన్న మాటలోనే తల్లి ఎక్కడో ఉందనుకోవాలి. ఈమధ్య కొందరు తల్లి పేరు వేయించుకుంటున్నారు. వేయమంటే వేశాను, కాదనలేదు. కానీ పక్కన ఒక మగ పేరు లేకుండా మా షాపు దాటిన కార్డు నాకు గుర్తులేదు.

“యంత్రాన్ని పక్కన పెట్టు. నేను కొడత” అన్నాను. దాని మీద నాకున్న కసి అంతా వేళ్లలోకి వచ్చింది. చకచకా కొట్టుకుంటూ పోయాను. శ్రీరస్తు వచ్చింది, సుముహూర్తం వచ్చింది, సకుటుంబ సపరివారం వచ్చింది. ఆహ్వానించువారు అని కొట్టి, రెండు చుక్కలు పెట్టి, తలెత్తకుండానే “పెదనాయన పేరు పూర్తిగ చెప్పు బిడ్డా” అన్నాను.

పిల్ల పగలబడి నవ్వింది. “తాతా, నువ్వు సుత గదేనా!”

నేను నవ్వలేదు. ఓనరు నవ్వాడు.

తల్లి అప్పుడు చెప్పింది. బావ, అంటే భర్త అన్న, బోరబండలో హార్డ్‌వేర్ దుకాణం నడుపుతాడు. చెడ్డవాడు కాదు. కష్టంలో బియ్యం పంపినవాడే. కానీ పెండ్లి పిలుపు ఇంటి పెద్ద పేరు మీదే పోవాలని పట్టుబట్టాడు. ఆడమనిషి, అందులోనూ భర్త లేని మనిషి పిలిస్తే చుట్టాలు చిన్నతనం అనుకొని రారని అతని వాదన.

“నా పెండ్లికి మా నాయన పిలిచిండు. నా ఇంటాయన దినాలకు మా బావ పిలిచిండు. నేను పిలిచింది ఇప్పటిదాక ఏది లేదన్నా” అంది ఆమె. “గీ పిల్లను నేను సాదిన. గీ ఒక్కటి నేను పిలుస్త. వస్తె వస్తరు, లేకుంటె లేదు.”

“ఏమని పిలుస్తవు? రాయనీకె నాకు మాటలు కావాలె గద” అన్నాను. నిజంగానే నా దగ్గర లేవు. సకుటుంబ సపరివారం ఆమె నోట్లో పెడితే బావగారి పంచె కట్టుకున్నట్టు ఉంటుంది.

“పిలుసుడు నాకు రాదా? రోజు పిలుస్తనే ఉన్న గద తినడానికి.”

“అట్లనే చెప్పు. నేను కొడత.”

ఆమె గోడ మీది దేవుడి క్యాలెండరు వైపు చూస్తూ, కూర తూకం వేస్తున్నట్టు నిదానంగా చెప్పింది. నేను కొట్టాను.

నా బిడ్డ పెండ్లి. వాళ్ల నాయన లేడు. నేనే పిలుస్తున్న. మా బావ ముందుండి జరిపిస్తుండు. మీరందరు రావాలె. కడుపునిండ తిని, పిల్లలను దీవించి పోవాలె.

కింద ముహూర్తం, హాలు అడ్రసు. ఆ కింద ఆమె పేరు. ఒక్కటే.

మా ఓనరు వంగి చూసి, “ఏంటి బాబాయ్ గారూ ఇది? కార్డు భాషేనా? అచ్చులో ఇలా ఉంటే షాపు పరువేం కాను?” అన్నాడు. ఆ మాట నేను అనవలసింది. జీవితమంతా అచ్చుభాషకు కాపలా కాసినవాణ్ణి. నా వేలు రెండుసార్లు చెరిపే మీట దాకా పోయి వచ్చింది. రెండోసారి పిల్ల నా చేతి మీద చేయి పెట్టి, “ఉండనీ తాతా” అంది. ఉంచాను. ఇంగ్లీషు పక్కకు ఆ పిల్ల మళ్లీ యంత్రాన్నే అడిగింది. ఈ మాటలే ఇచ్చి అనువదించమంటే, వధువు తల్లిదండ్రులు మీ రాకను సాదరంగా కోరుతున్నారని రాసింది. లేడని చెప్పినా తండ్రిని వదలలేదు. పిల్ల ఫోను సంచిలో పడేసి తానే రాసుకుంది.

నమూనా కాగితం చూడటానికి బావగారు స్వయంగా వచ్చాడు. తల్లి కూడా పొయ్యి దగ్గరి నుంచి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకొని, కాగితాన్ని దూరంగా పట్టుకొని చదివాడు.

“పిలిచే కాడ నా పేరేది?”

“మీద సదువు బావా. ముందుండి జరిపిచ్చేది నువ్వే.”

“గిదేం కార్డు! కర్రీ పాయింటు పాంప్లెట్ లెక్కున్నది.”

“నేను నడిపేది గదే గద.”

“నలుగురు నవ్వుతరు.”

“నవ్వుకుంటనే తినిపోతరు, ఏమైతది?”

ఆయన నా వైపు తిరిగాడు. “పెద్దమనిషివి, నువ్వన్న చెప్పొద్దా? ఇట్ల పిలిస్తే ఎవడొస్తడు? మండపం కుర్చీలు ఖాళీగ కనబడితే ఇజ్జత్ ఎవరిది పోతది?”

ఆయన అన్నది నిజమయ్యే వీలుంది.

“ఎవరు రాకున్న మంచిదే. నువ్వొస్తవా బావా?” అని ఆమె అడిగింది. “నీ పేరు మీద కార్డు పోతే నిన్ను పిలిచేటోళ్లు ఎవరుండరు. ఇప్పుడు నేను పిలుస్తున్న. ముందుగాల నిన్నే.”

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకొని, “చూస్త” అని మెట్లు దిగాడు.

కార్డు అచ్చయింది. పిల్ల దాని ఫైలు ఒకటి ఆఫీసుకు తీసుకుపోయి కుప్పలో వేసింది. ఒక్క కార్డుతో యంత్రం మారుతుందా అని అడిగాను. “ఏం మారది తాతా. చెర్ల ఉప్పుగల్లు” అంది. అయినా వేసింది. తల్లి మాత్రం చుట్టాలకు పంచాక మిగిలినవాటిని కూరల కౌంటరు మీద పెట్టింది. ఒకటి దుకాణం గోడకు అన్నం మెతుకుతో అతికించింది.

మా ప్రాంతంలో గోడ మీద అతికించినది చదవనివాడు ఉండడు. అది ఆమెకు తోచలేదు, నాకూ తోచలేదు.

పెండ్లి యూసుఫ్‌గూడ దిక్కు ఒక చిన్న ఫంక్షన్ హాలులో, పగటి ముహూర్తం. నేను పోయేసరికి ముందు వరుస కుర్చీలు కొన్ని ఖాళీగానే ఉన్నాయి. బావగారి దిక్కు పెద్దలు కొందరు రాలేదు. తల్లి వాటిని చూసింది, నేను చూసిన సంగతీ చూసింది. బావగారు గేటు దగ్గర కొత్త పంచెలో, గట్టిగా మూసిన నోటితో నిలబడి ఉన్నాడు.

తలంబ్రాలు అయ్యేసరికి వచ్చారు, హాస్టళ్ల పిల్లలు. ఆటోల్లో, బైకుల మీద, మెట్రో దిగి నడుచుకుంటూ, మెడలో కోచింగు ఐడీ కార్డులతోనే. ఆదిలాబాదు వాళ్లు, శ్రీకాకుళం వాళ్లు, ఇంటి అన్నం తిని నెలలైనవాళ్లు. ఖాళీ కుర్చీలు నిండాయి, గోడల వెంట నిలబడ్డారు. అక్షింతలు వేసి తిన్నగా భోజనాల వైపు నడిచారు. గోడ మీది కార్డులో మీరందరు రావాలె అని ఉంది మరి. కాసేపటికి అన్నం అడుగంటింది. వంటవాళ్లు చేతులెత్తేశారు.

బావగారు పంచె ఎగగట్టాడు. ఎవరికో ఫోను చేసి బియ్యం తెప్పించాడు. పొయ్యి దగ్గర నిలబడి తిట్టాడు. “పిలిచినవు గద, ఇగ పెట్టు!” అని మరదలి మీద అరిచి, ఆమె మండపం దగ్గరి కుర్చీలోంచి లేవబోతే “నువ్వు కూసో! పిలిచినోళ్లు లేస్తరా?” అని ఇంకా గట్టిగా అరిచాడు. తర్వాత బకెట్టు తానే పట్టుకొని భోజనాల బంతి వెంట నడుస్తూ, “గా కార్డు కొట్టినాయన ఏడున్నడు?” అని అడిగాడు.

నేను బంతి చివర ఉన్నాను. దాక్కోవడానికి వీలు లేదు, ముందర విస్తరి ఉంది. ఆయన వచ్చి నా ముందు ఆగి, గరిటెతో అన్నం వేశాడు. చాలన్నాను. మళ్లీ వేశాడు.

“కడుపునిండ అని రాసినవు గద” అన్నాడు. “తిను.”