ఎలుకలకు పూసిన పసుపు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ వరుసగా కూర్చోబెడితే, ఎలుకలకు పసుపు పూసిన పని మొదటి బెంచీలో కూర్చుంటుంది. మొన్న కంఠేశ్వర్‌లో మందుల దుకాణానికి బీపీ మాత్రలకోసం వెళ్తే, దుకాణదారు పసుపు బిళ్లల సీసా ముందుపెట్టి, కాలేయానికి రక్ష సార్ అన్నాడు. నిజంగానేనా అని అడగబోయి నోరు మూసుకున్నాను. దానికి జవాబు చెప్పవలసినవాణ్ణి ఒకప్పుడు నేనే మరి.

ఫార్మసీలో పెద్ద చదువు చదివే రోజులవి. మాది కోటగిరి దగ్గర చెరుకూ పసుపూ పండించే ఇల్లు. పసుపోళ్ల పిల్లాడినని మా గైడు సారు ఈ పని నాకే అప్పగించారు: మత్తిచ్చిన ఎలుక కాలేయానికి రక్తం వెళ్లే నాళాన్ని కాసేపు బిగించి వదలాలి, మర్నాడు దాని రక్తం తీసి కాలేయం ఎంత దెబ్బతిన్నదో చూడాలి. సగం ఎలుకలకు ముందే పసుపు సారం తాగిస్తాం, సగానికి ఉత్త నీళ్లు. పసుపు తాగినవాటికి దెబ్బ తక్కువైతే పసుపు కాపాడినట్టు. ఎండాకాలంలోగా డిగ్రీ వస్తే ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం నాకోసం సిద్ధంగా ఉంది.

రక్తం ఆగితే దెబ్బ తగలడం సరే, తిరిగి వచ్చాక ఇంకా ఎక్కువ తగులుతుందని పుస్తకాలన్నీ చెప్పేవి, అదేమిటి? రక్తం తిరిగింది ఎలుకకు, తల తిరిగింది నాకు. ఇంటికి పోయినప్పుడు బాపుకు చెబితే, "ఎండి పర్రెలిచ్చిన కాలువకు ఒక్కపారే నీళ్లిడిస్తే గట్టు తెగదా బిడ్డా? గింతదానికి గన్ని పుస్తకాలా?" అని నవ్విండు.

తీరా చూస్తే రెండు గుంపుల ఫలితాలూ ఒకే తీరు. సారు రక్తం పరీక్షించే మిషన్‌ను అనుమానించారు, ఎలుకలను అనుమానించారు, చివరికి పసుపునే అనుమానించి, పనికిరాదని రాసెయ్యమన్నారు. చివరి విడత రక్తం తీస్తుంటే, ఉత్త నీళ్లు తాగిన ఎలుక ఒకటి పచ్చటి మీసాలతో నావైపు చూసింది. అప్పుడు వెలిగింది. ఇంట్లో పిల్లాడికి తెగినా ఎద్దుకు గీరుకున్నా పసుపద్దే అలవాటుకొద్దీ, కుట్లు వేసిన ప్రతి ఎలుకకూ నా చెయ్యి తనంతట తానే పసుపు పూసింది, అవి కడుపారా నాకాయి.

ఊరుకుంటే డిగ్రీ వస్తుంది. కానీ నన్ను చదివించిన పంట పనికిరానిదని నా సంతకంతోనే రాయాలి. రెండు రోజులు తేల్చుకోలేక, మూడోరోజు చెప్పేశాను. సారు కళ్లజోడు తీసి, "పసుపొక్కటేనా, కుంకుమ గూడ పెట్టినవారా?" అన్నారు.

మొత్తం మళ్లీ మొదటినుంచి చేశాను. ఏడాది పోయింది, ఉద్యోగం ఇంకొకరికి పోయింది. రెండోసారి పసుపు కొంత కాపాడినట్టే కనిపించింది, కచ్చితంగా చెప్పలేమని రాశాను. ఇప్పటికీ చెప్పలేను.

ఇప్పటి పిల్లలు ఎలుకను ముట్టాలంటే ముందు ఎన్నో అనుమతులు, అడుగడుక్కీ రాతపనులు. ఎవరి చెయ్యీ తనంతట తాను కదలదు. మంచిదే. అయినా నాలాంటివాడు ఒక్కడైనా లేని ప్రయోగశాల ఎందుకో బోసిగా తోస్తుంది.

సారు మాత్రం కొత్తగా చేరిన ప్రతి బ్యాచ్‌కీ నా పేరుతో సహా ఆ కథ చెప్పి నవ్వించేవారు. ఆయన పదవీ విరమణ సభలోనూ చెప్పబోతున్నారని తెలిసి, ముందుగా మైకు అడిగి తీసుకుని, ఒక్క ముక్క వదలకుండా నేనే చెప్పేశాను. హాలంతా పగలబడి నవ్వింది. తర్వాత సారు లేచి, జేబులోంచి ఉపన్యాసం రాసుకున్న కాగితం తీసి కాసేపు చూసుకుని, మళ్లీ మడిచి, "ఇగ నాకేం మిగిల్చినవురా" అని కూర్చున్నారు.