సీ షిఫ్టు వారంలో వచ్చే నొప్పులు

2002 జూన్‌లో మద్దిలపాలెంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి మందుల విభాగంలో సీనియర్ ఫార్మసిస్టుగా చేరాను. మా ఇంట్లో పట్టభద్రుడైన మొదటివాణ్ణి కావడం వల్ల తెల్లకోటు గుండీలన్నీ పెట్టుకుని, ప్రతి చీటీనీ రెండుసార్లు చదివేవాణ్ణి. చీటీ సరిచూసి మందు ఇవ్వడం మా మొదటి విధి. ఆ మందు రోగికి పడుతోందో లేదో విచారించి వైద్యునికి తెలియజేయడం రెండవది. అప్పలరాజు ఆ రెండవ పనిలో పరిచయమయ్యాడు.

అతను ఓడరేవులో క్రేను ఆపరేటరు. గుండెపోటు వచ్చి కోలుకుని, మళ్ళీ డ్యూటీలో చేరి కొన్ని నెలలయింది. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వాడుతున్నాడు. ఈ మాత్రతో కొందరికి కండరాల నొప్పులు వస్తాయి. అరుదుగా కండరమే దెబ్బతిని, మూత్రం ముదురు రంగుకు మారి, మూత్రపిండాలకు ప్రమాదం కలుగుతుంది. అప్పలరాజుకు తొడలు, పిక్కలు లాగేవి. కొన్నాళ్ళకు తగ్గి, మళ్ళీ వచ్చేవి. కండరాల నష్టాన్ని తెలిపే సీపీకే రక్తపరీక్షలో అంకె కొంత పెరిగింది. మాత్ర ఆపితే గుండెకు రక్షణ తగ్గుతుంది. ఆపకపోతే, క్రేను నిచ్చెన ఎక్కలేని మనిషిని డ్యూటీకి అన్‌ఫిట్ అని రాయాలి. క్రేను మీద అతని ఉద్యోగం పోతుంది. నిర్ణయించే ముందు వాడకం విచారించమని మా ఫిజీషియన్ గారు నన్ను ఆదేశించారు.

అప్పలరాజు భార్య నూకరత్నంతో కలిసి కౌంటరుకు వచ్చాడు.

"ఏటి బాబూ, ఈ మాత్ర నన్ను సంపేత్తంది. క్రేనెక్కాలంటే కాళ్ళు ఒణికిపోతన్నాయి. నాను మానేత్తాను."

"మాంసం మానీమంటే మానడు గానీ మాత్ర మానేత్తాడంట!" అని నూకరత్నం అందుకుంది.

"నువ్వూరుకోయే. పోర్టుకాడ మావోళ్ళదీ ఎగతాళే. సీ షిఫ్టొత్తేనే నీకు నొప్పులొత్తాయేటి బావా, అని నవ్వుతన్నారు."

సీ షిఫ్టు అంటే వారాల వంతున వచ్చే రాత్రి డ్యూటీ, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా. ఆ ఎగతాళి నిజమేనా అని అడిగాను. అప్పలరాజు వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టి, నిజమేనన్నాడు. ఆ వారం మాత్ర ఎప్పుడు వేసుకుంటారని అడిగాను.

నూకరత్నం ధీమాగా చెప్పింది. "నానే దగ్గరుండి ఏయిత్తన్నాను బాబూ. రాత్రి అన్నారు కదా, అన్నం తిని డూటీకెళ్ళేటప్పుడు ఒకటి. పడుకునే ముందు అన్నారు కదా, పొద్దున్నొచ్చి పడుకునేటప్పుడు ఒకటి. తక్కువైతే పూర్ణా మార్కెట్ కాడ మందుల కొట్లో కొంటన్నాం."

కాలేయం కొలెస్టరాల్‌ను రాత్రివేళ ఎక్కువగా తయారు చేస్తుంది కనుక ఆ మాత్రను 'రాత్రి పడుకునే ముందు ఒకటి' అని చెప్పి ఇచ్చేవాళ్ళం. పగటి షిఫ్టుల్లో రాత్రీ, పడకా ఒకేసారి వచ్చేవి. సీ షిఫ్టులో రెండూ విడిపోయి, రెండు మాత్రలు పడేవి. మోతాదు పెరిగితే నొప్పులకు అవకాశమూ పెరుగుతుంది.

"సూసావా, నన్ను సంపేది మాత్ర కాదే, నువ్వే!" అన్నాడు అప్పలరాజు.

"నీకు రాత్రెప్పుడో పగలెప్పుడో నాకేటి తెలుసు!" అంది ఆమె, నవ్వు ఆపుకుంటూ.

ఫిజీషియన్ గారు మాత్రను కొన్నాళ్ళు ఆపించి, సీపీకే మామూలుకు వచ్చాక, ఏ షిఫ్టయినా రాత్రి భోజనం తరువాత ఒక్కటే వేసుకోమన్నారు. తరువాతి సీ షిఫ్టు నొప్పులు లేకుండా గడిచింది. ఫిట్‌నెస్ పత్రం మీద సంతకమైంది.

అప్పటి నుంచి మా విభాగంలో 'రోజు మొత్తానికి ఒక్కటే' అన్న మాట ముందు చెప్పి, ఆ తరువాతే వేళ చెప్పడం పద్ధతి అయింది. ఒక బాధను మందు దుష్ప్రభావంగా నమోదు చేసే ముందు, ఆ మందు ఒంట్లోకి ఎంత వెళ్ళిందో రోగి ఇంటివారిని అడిగి తేల్చుకోవాలి.