గట్టు తెంపమని చెప్పాల్సి వచ్చిన రోజు

2006వ సంవత్సరం. బాన్సువాడలో చిన్న గ్రంథాలయానికి నేను లైబ్రేరియన్‌ని. ఆ వానాకాలం మాకొక కంప్యూటర్ వచ్చింది. వచ్చిందన్న పేరే గానీ దాని మీద కప్పిన గుడ్డ తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు. బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, చెప్పులు బయట విడిచి రమ్మన్నారు. నాకు ఒళ్లు మండింది. పని చేసే వస్తువును దేవుణ్ని చేసి కూర్చోబెడితే ఎట్లా? బస్టాండు దగ్గరి కంప్యూటర్ సెంటర్‌లో పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని ఈమెయిల్ పంపడం, సెర్చ్ చేయడం, ఫోటోలు ఎక్కించడం నేర్చుకున్నాను. ఆ పిల్లలు నవ్వితే నవ్వుకోనిచ్చాను.

మాది డయలప్ ఇంటర్నెట్. అంటే టెలిఫోన్ తీగ మీదే నెట్ వస్తుంది. నెట్ నడుస్తున్నంతసేపూ మా ఫోన్‌కు ఎవరు చేసినా ఎంగేజ్ వస్తుంది.

మా వృత్తిలో రెఫరెన్స్ సర్వీస్ అని ఒకటుంది. పాఠకుడు ప్రశ్నతో వస్తాడు, జవాబు ఎక్కడుందో వెతికి చూపించడం మా పని. చూపించి పక్కకు తప్పుకోవాలి. ఇలా చెయ్యి, అలా చెయ్యి అని సలహా ఇవ్వడం మా పని కాదు. నాకు అట్లాగే నేర్పారు. కంప్యూటర్ వచ్చాక “మీ ప్రశ్న ఏదైనా సరే అడగండి” అని గోడకు కాగితం అంటించాను. కొన్నాళ్లు ఉద్యోగ ప్రకటనలు, పరీక్షా ఫలితాలే అడిగారు. ఆ తరువాత హన్మాండ్లు వచ్చాడు.

హన్మాండ్లుది కోటగిరి వైపు ఊరు. బాన్సువాడకు పని మీద వచ్చినప్పుడల్లా మా దగ్గర పేపరు చదివి పోయేవాడు. ఆ రోజు పేపరు జోలికి పోలేదు. భుజం మీది తువ్వాల విప్పి, పీకిన వరి ఆకులు నా టేబుల్ మీద పరిచాడు.

“మేడం, గా కంప్యూటర్ల వరి సంగతి గూడ ఉంటదా?”

“ఏం సంగతే హన్మాండ్లన్నా?”

“పొట్టకొచ్చిన వరి ఎర్రబడ్తున్నది. యూరియ ఎంత సల్లాల్నో జర చూడుండ్రి.”

“మందుల దుకాణపాయన ఏమన్నడు?”

“యూరియ సల్లుమన్నడు. ఓ మందు గూడ ఇచ్చిండు, కొట్టిన. ఏం ఫరక్ వడలే.” గొంతు తగ్గించి అన్నాడు. “భూమి నాది గాదు మేడం, పటేల్ది. పోయిన పంట ఎండిపాయె. గీ పంట గూడ పాయెనంటే యాసంగి పంటకు ఇంకోలకు కౌలుకిస్తనన్నడు. గా మడులు తప్ప మాకు ఇంకేం లెవ్వు.”

కిటికీ వెలుగులో ఆ ఆకులకు మా తమ్ముడిచ్చిన డిజిటల్ కెమెరాతో ఫోటోలు తీశాను. ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రం వెబ్‌సైట్‌లో వరి పురుగులు, తెగుళ్లు చూసే శాస్త్రవేత్త ఈమెయిల్ దొరికింది. వచ్చీరాని ఇంగ్లీషులో సంగతంతా రాశాను. ఫోటోలు బరువెక్కువై, సగం ఎక్కేసరికి లైను తెగిపోయేది. వాటిని చిన్నవి చేసి మళ్లీ మళ్లీ పంపితే సాయంత్రానికి పోయాయి. హన్మాండ్లు అప్పటికే ఒక యూరియా బస్తా ఆటోలో వేయించుకున్నాడు. “జవాబు వస్తె జెప్పుండ్రి. రేపు కూలోల్లు దొర్కితె సల్లేస్త” అని వెళ్లిపోయాడు.

మర్నాడు ఉదయం లైబ్రరీ తెరవగానే నెట్ కలిపాను. జవాబు వచ్చి ఉంది. రాసినావిడ మన భాష మనిషేనట. నాలుగే వాక్యాలు. “ఆకులు చూపించారు, నాకు కావలసింది మొదలు. దుబ్బును వంచి, నీటికి పైన చేత్తో తట్టండి. నీళ్లలో ఏం రాలుతుందో ఫోటో తీసి పంపండి. అప్పటిదాకా యూరియా చల్లనివ్వకండి, నా అనుమానం నిజమైతే యూరియాతో అది ఇంకా పెరుగుతుంది.” కింద ఆమె ఫోన్ నంబరు ఉంది, మా నంబరు కూడా అడిగింది. వెంటనే రాసి పంపాను.

హన్మాండ్లు చల్లుతానన్నది ఆ రోజే. హన్మాండ్లుకు సెల్‌ఫోన్ లేదు. మా లైబ్రరీ పొద్దున తీసి, మధ్యాహ్నం మూసి, మళ్లీ సాయంత్రం తీస్తాం. మూసే వేళ దాకా నిప్పుల మీద కూర్చున్నట్టే కూర్చున్నాను. తాళం వేసి, కెమెరా సంచిలో వేసుకుని ఆటో ఎక్కితే, ఆటో కదలదే! ఇంకో మనిషి కోసం, ఇంకో మనిషి కోసం ఆపుతూనే ఉన్నాడు.

“ఇంకెందర్ని ఎక్కిస్తవన్నా? నెత్తి మీద గూడ కూసోవెడ్తవా?”

“ఏంది మేడం, ఎవలకన్న పానం మీదికొచ్చిందా?”

“ఆ, వచ్చింది! నడువు!”

ఊళ్లో అడుక్కుంటూ పొలం చేరేసరికి హన్మాండ్లు చంకలో గంప పెట్టుకుని చల్లుతూనే ఉన్నాడు. ఒక మడిలో సగం అయిపోయింది. గట్టు మీది నుంచే ఆగు ఆగు అని అరిచాను. గట్టున ఉన్న అతని భార్య సాయవ్వ నన్ను ఎగాదిగా చూసి, “ఎవలు గీమె?” అంది.

చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని బురదలో దిగాను. దుబ్బు వంచి తట్టాను. నీళ్ల మీద గోధుమ రంగు నలుసులు జలజలా రాలాయి, రాలినవి మళ్లీ ఎగిరి నా చేతి మీద వాలాయి. ప్రతి దుబ్బు మొదలునూ అవే పట్టుకుని రసం పీలుస్తున్నాయి. పైనుంచి చూస్తే ఒక్కటీ కనబడదు. హన్మాండ్లు చేతిలో గంప అట్లాగే ఉండిపోయింది. “అబ్బ... గింత దోమ ఉన్నదా?” అన్నాడు. బురదలోనే నిలబడి ఫోటోలు తీశాను. సగానికి పైగా మసకగా వచ్చాయి.

మొగుడూ పెళ్లాం ఇద్దరూ నాతోపాటే బాన్సువాడ వచ్చారు. లైబ్రరీ తెరిచి ఫోటోలు పంపి, తెర ముందు ముగ్గురం కూర్చున్నాం. జవాబు రాలేదు. ఎంతకీ రాలేదు. సాయవ్వ అయితే లేచి గడప దాకా వెళ్లి వస్తూ ఉంది. అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకు, నెట్ కలిపి ఉంచితే ఆవిడ ఫోన్ చేసినా మోగదు కదా అని! నెట్ తెంపగానే ఫోన్ మోగింది.

“ఎంతసేపట్నుంచి చేస్తున్నానమ్మా! అది సుడిదోమ. నీళ్లున్నంతకాలం పెరుగుతూనే ఉంటుంది. ముందు గట్లు తెంపి మడుల్లో నీళ్లన్నీ బయటికి తీసేయండి. దుబ్బుల మధ్య పాయలు తీసి గాలి వెళ్లనివ్వండి. మందు పేరు చెబుతాను, మొదళ్లకు తగిలేలా కొట్టాలి. ఇంతకుముందు కొట్టింది మాత్రం మళ్లీ కొట్టొద్దు.”

నేను ఆ మాటలు చెబుతూ ఉంటే హన్మాండ్లు మొహం పాలిపోయింది. వాళ్లది నిజాంసాగర్ కాలువ చివరి పొలం. నీళ్లు వంతుల వారీగా వస్తాయి. వాళ్ల వంతు ముందురోజే అయిపోయింది. మళ్లీ వంతు ఎప్పుడో, వచ్చినా చివరిదాకా పారుతుందో లేదో ఎవరికీ తెలియదు. పొట్టదశలో వరికి నీళ్లు లేకపోతే గింజ పట్టదు. పోయిన పంట ఎండింది అందుకే.

సాయవ్వ కంప్యూటర్ వైపు చెయ్యి చూపించింది. “నీళ్లు ఇడిసినంక కాలువ రాకుంటె, గీ డబ్బ పోస్తదా మేడం నీళ్లు?”

ఆ మాటే ఫోన్‌లో చెప్పాను. “కాలువ సంగతి నేను చెప్పలేనమ్మా. నీళ్లుంటే మాత్రం పంట సుడులు సుడులుగా మాడిపోతుంది. అది చెప్పగలను” అందావిడ.

ఫోన్ పెట్టేశాక ముగ్గురం మిగిలాం. హన్మాండ్లు నేల చూపులు చూస్తున్నాడు. సాయవ్వ నా ఎదురుగా వచ్చి నిలబడింది.

“నువ్వు జెప్పు మేడం. నీ పొలమే అయితె ఇడుస్తవా?”

ఇక్కడే నేను తప్పుకోవాలి. శాస్త్రవేత్త ఇలా చెప్పింది, ఇక మీ ఇష్టం, అని చేతులు దులుపుకోవాలి. కానీ ఆ మనిషి కళ్లలోకి చూస్తూ ఆ మాట అనడానికి నోరు రాలేదు. అబద్ధమూ ఆడలేను.

“ఇడుస్త సాయవ్వా. గని నాకు పొలం లేదు. నీళ్లు రాకుంటె నాకేం గాదు, నా జీతం నాకొస్తది. పోతే నీదే పోతది. అది గూడ మనసుల పెట్టుకో.”

ఆమె వెనక్కి తిరిగింది. మొగుడితో “నడువ్” అని చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. విడుస్తారో లేదో కూడా నాకు తెలియలేదు.

ఆ తరువాత నాకు పని మీద మనసు నిలిస్తే ఒట్టు. పేపర్లు వచ్చీరాగానే కాలువ నీళ్ల వార్త వెతికేదాన్ని. కోటగిరి నుంచి వచ్చే ప్రతి మనిషినీ “కాలువల నీళ్లొచ్చినయా?” అని అడిగేదాన్ని. “నీకెందుకు మేడం, నీకేమన్న ఎవుసమున్నదా?” అని నవ్వేవారు. శుక్రవారం లైబ్రరీకి సెలవు. ఇక ఉండబట్టలేక మళ్లీ ఆటో ఎక్కాను.

గట్లు తెంపి ఉన్నాయి. మడులన్నీ ఖాళీ. బురద ఆరి, సన్నగా పగుళ్లు విచ్చుకుంటోంది. సాయవ్వ కట్టె పట్టుకుని దుబ్బులు పక్కకు ఒరిగిస్తూ పాయలు తీస్తోంది. దోమ తగ్గిందని కళ్లకే తెలుస్తోంది. అయినా ఆ పగుళ్లు చూస్తే సంతోషించలేకపోయాను.

“వంతు ఎప్పుడొస్తదట సాయవ్వా?”

“తెల్వది.” తల ఎత్తకుండానే అంది. నేను గట్టు మీద కూర్చుండిపోయాను.

నీళ్లు వచ్చాయి. ఆలస్యంగా వచ్చాయి. మెరక మడి ఒకటి అప్పటికే దెబ్బతిని సగం తాలుపోయింది. యూరియా పడిన సగం మడి సుడులు సుడులుగా మాడింది. మిగిలిందంతా నిలబడింది. బోలెడు పండిందని చెప్పను గానీ, పటేల్ యాసంగికి ఆ భూమిని వాళ్లకే ఉంచాడు.

కోతలు అయ్యాక సాయవ్వ ఒక్కతే లైబ్రరీకి వచ్చింది. నా ఎదురు కుర్చీలో కూర్చుంది. కంప్యూటర్ చేసిన మేలు గురించి చెబుతుందని లోపల్లోపల కొంచెం పొంగిపోయాను కూడా.

“గీ డబ్బను జూసి ఇడ్వలే అక్కా నీళ్లు. ఫోన్ల గా మేడం జెప్పింది గూడ నాకు సగం సమజ్ గాలే. నాకేం గాదు, పోతే నీదే పోతది అన్నవు జూడు... మందులమ్మెటోడు గని, పటేల్ గని, నాతోని గా మాట ఎన్నడన్న అన్నరా? గందుకు నమ్మిన. ఇంటికి పోంగనె మడి ఒడ్డు నేనే తెంపిన.”

ఏడుపొచ్చింది నాకు. దాచుకోలేదు.

ఆ తరువాత చాలా ఏళ్లు పనిచేశాను. కంప్యూటర్లు మారాయి, ఏది అడిగినా క్షణంలో జవాబు తెర మీదికి వచ్చే రోజులు వచ్చాయి. నా దగ్గరికి వచ్చినవాళ్లకు జవాబు చూపించే ముందు, ఇది తప్పయితే నష్టపోయేది నేను కాదు మీరు అని మాత్రం నోరు విప్పి చెప్పేదాన్ని. అది విన్నాకే ప్రింటు తీసి చేతికిచ్చేదాన్ని.