బంగారు మందు, బోరు నీళ్లు

మొయినాబాద్ దగ్గర మా కాలేజీ ల్యాబులో గాజు సామాను కడిగేది అంతమ్మ. రోజూ చేవెళ్ల నుంచి బస్సులో వస్తుంది. పద్నాలుగేళ్లలో ఒక్క పాత్ర కూడా పగలగొట్టలేదని అడగకపోయినా చెబుతుంది. ఫ్లాస్కు కడిగి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటుంది. లోపల ఒక్క చుక్క నిలిచిందా, మళ్లీ కడగాల్సిందే. మేం కడిగినవి చూస్తే మూతి తిప్పుతుంది.

నా తోటి పరిశోధకుడు అభిలాష్ మొండి పుండ్లకు మందు తయారుచేస్తున్నాడు. మామూలుగా ఇస్తే పనిచేయని యాంటీబయాటిక్‌ను కంటికి ఆనని బంగారు రేణువులకు అంటించి, బ్యాక్టీరియా లోపలికి పంపాలని అతని ఆలోచన. గింత బంగారం ముక్కుపుడకకు గూడ రాదని అంతమ్మ వెక్కిరించేది. రేణువులు విడివిడిగా ఉంటే మందు దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. ముద్దకట్టాయో, నీలమైపోతుంది. ఇక పారబోయడమే.

ఏప్రిల్ నుంచి అన్నీ నీలమే. పదకొండుసార్లు చేశాడు, పదకొండుసార్లూ పారబోశాడు. నాకు ఒళ్లు మండి రసాయనాలు అమ్మినవాడిని ఫోన్లో దులిపేశాను. చివరికి మా గైడు సారు వచ్చి, లోపం మందులోనే ఉంది, ఈ పని ఆపేద్దామన్నారు. రెండేళ్ల కష్టం! అభిలాష్ బల్ల మీది సామాను పెట్టెలో సర్దుకోసాగాడు.

అంతమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి అతని ముందు నిలబడింది.

"మందు తప్పు గాదు బిడ్డా. ఆఖరుసారి గూడ నేను బోరు నీళ్లతోనే కడుగుతున్న."

ఆఖరుసారి డిస్టిల్డ్ వాటర్‌తోనే కడగాలని ఆమెకు తెలుసు. కానీ ఈ ఎండల్లో వాళ్ల ఊళ్లో ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టి కూర్చుంటున్నారు. అంత తేటనీళ్లు మోరీలో పోయడానికి చెయ్యి రాలేదట. చుక్క నిలవలేదు గనుక గాజు శుభ్రమే అనుకుంది. ఆ పొద్దున నేను జూనియర్లకు చిటికెడు ఉప్పువేసి ఎర్రటి ద్రావణాన్ని నీలం చేసి చూపిస్తుంటే పక్కనే ఉంది. మా బోరు నీళ్లు ఎంత ఉప్పనో ఆమెకు తెలియనిదా? ఆ ఉప్పు గాజుకు పట్టి రేణువులను ముద్దచేస్తుందని ఇన్నేళ్లలో మేమెవ్వరం చెప్పలేదు. సిగ్గేసింది నాకు.

"నన్ను తీసేస్తే తీసెయ్యుండ్రి సార్. పని మాత్రం ఆపకుండ్రి."

ఇంకొక్కసారి చేసి చూడమన్నారు సారు. అభిలాష్ సర్దిన పెట్టె విప్పి, ఫ్లాస్కు తీసి ఆమె చేతికిచ్చాడు.

"రేపు మల్ల చేస్త అవ్వా. నువ్వే కడుగు."

కడిగింది, పళ్లు బిగించి మూడుసార్లు తేటనీళ్లు పారబోస్తూ. మర్నాడు మందు ఎర్రగా వచ్చింది. సాయంత్రం దాకా నిలవాలి అన్నాం. అంతమ్మ స్టూలు లాక్కుని దాని ముందే కూర్చుంది. ఐదు గంటల బస్సు పోయింది, ఆరున్నర బస్సూ పోయింది. రంగు ఇక మారదు, ఇంటికి పొమ్మన్నాను.

"మారదని నాకెరుకే. జర చూసుకోనియ్యి."