ముబారక్ పలకని మాట

నరసరావుపేటలో కుట్టుమిషన్లు బాగుచేసే ముబారక్ 'మొదలు' అనే మాట పలకడు. పని మొదలుపెట్టేటప్పుడు కూడా 'షురూ చేద్దాం' అంటాడు. ఆయన తండ్రి దూదేకే మిషను కోసం అప్పుచేసి తొమ్మిదేళ్లు వడ్డీ కట్టినా అసలు తీరలేదు. అసలును మొదలనే అప్పిచ్చినాయన నెలనెలా గుమ్మంలో నిలబడి, "మొదలు అట్టానే ఉంది" అని గుర్తుచేసి పోయేవాడు. చివరికి మిషను ఆ అప్పుకిందే పోయింది. అప్పటినుంచి ముబారక్‌కి లోకం మీద నమ్మకం లేదు. రిపేరుకొచ్చిన మిషను విప్పగానే లోపలి సామాన్లన్నీ యజమానికి చూపిస్తాడు, తర్వాత మార్చేశావంటారని. టీకొట్టు ఆయన ఊరికే నవ్వినా, ఆ నవ్వెందుకో తేలేదాకా ఈయనకు టీ దిగదు.

అలాంటి మనిషి చెవిన ఆ మాట సొంత ఇంట్లోనే పడింది. కూతురు నజీమా దుబాయిలో మూడేళ్లు కుట్టుపని చేసి వచ్చింది. అక్కడ ఒకే గదిలో ఉన్న ఇండోనేషియా అమ్మాయి యాంతితో ఫోన్లో వాళ్ళ భాషలోనే మాట్లాడుతుంది. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాదు. కానీ మధ్యమధ్య 'మోదల్, మోదల్' అని వినబడేసరికి లేచి లోపలికి పోయాడు. బీరువాలో ఇంటి కాగితాలున్నాయో లేదో రెండుసార్లు చూసుకున్నాడు. ఉన్నాయి. అయినా అనుమానం తీరలేదు.

మర్నాడు అన్నం దగ్గర అడిగేశాడు. "ఏందమ్మా, ఫోన్లో మాటిమాటికీ ఆ మాట?"

నజీమా పకపకా నవ్వింది. వాళ్ళ భాషలో మోదల్ అంటే పెట్టుబడట. అరవం 'ముదల్' ఎప్పుడో వర్తకుల ఓడలెక్కి అక్కడికి పోయిందట. మన మొదలు దానికి తోబుట్టువేనట. ఫోన్లో చదివిందంతా చెప్పింది.

"పోతే పోయింది. తిరిగొచ్చేటప్పుడు వడ్డీని వెంటేసుకొచ్చిందా? అది చెప్పు."

నజీమా నవ్వు ఆగిపోయింది. ఎంబ్రాయిడరీ మిషను కొనుక్కోమని యాంతి లక్ష రూపాయలు పంపిందని మెల్లగా చెప్పింది. ముబారక్ చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.

"నూటికి ఎంత అడిగింది?"

"అదేం అడగలా నాన్నా. ఉన్నప్పుడు ఇయ్యమంది. ఎవరన్నా ఊరికే ఎందుకిస్తారు? నాకే అనుమానమేసింది. నూటికి రెండని నేనే కాగితం రాసి పంపా."

ముబారక్‌కి సిగ్గేసింది. ఆ బుద్ధి పిల్లకు ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఆ పిల్లకు ఫోన్ చెయ్యి," అన్నాడు చివరికి. "ఆ కాగితం చింపెయ్యమను. చింపేది నేను వీడియోలో చూడాల."