తాంబాళంలో తేలిన బొమ్మ

ఈ ఉదయం కొత్త ఫిల్మ్ పెట్టె చింపగానే పుల్లటి, కాస్త ఘాటైన మందు వాసన గుప్పుమంది. కిటికీ తెరిచే ఉంది. మార్కెట్ యార్డులో కుప్పలు తిరగబోస్తున్నారేమో, పసుపు దుమ్ము వాసన కూడా లోపలికి వచ్చింది. ఈ రెండు వాసనలూ కలిసినప్పుడల్లా నేను గంగామణి టీచర్ వంటగదిలో నిలబడ్డట్టే ఉంటుంది. ఒళ్లంతా హుషారెక్కి, చేతులు వాటంతటవే పొయ్యి మీద నీళ్లు పెట్టేస్తాయి.

ఆర్మూర్‌లో చాలామందికి ఆమె సర్కారు బడి డ్రాయింగ్ టీచరుగానే గుర్తు. పుట్టినిల్లు పసుపు కమీషన్ వ్యాపారుల ఇల్లు. రిటైరయ్యాక యార్డు వెనక గల్లీలో ఒక్కతే ఉండేది. నేనప్పుడు పక్కనే ఉన్న పెర్కిట్‌లో ఒక ఫోటో స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్లి ఆల్బమ్‌లు తయారు చేసేదాన్ని. ముఖాలు తెల్లగా చేయడం, చూడని జలపాతాల ముందు కొత్త జంటను నిలబెట్టడం, గల్ఫ్‌లో ఉండిపోయిన అన్ననో బావనో కుటుంబం ఫోటోలో చేర్చడం నా పని. పని బాగానే వచ్చు. కానీ సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పటికి ఆ రోజు చూసిన ముఖాల్లో ఒక్కటీ గుర్తుండేది కాదు.

ఒకరోజు ఆమె మిగిలిపోయిన అట్టముక్కలు కావాలని స్టూడియోకి వచ్చింది. మెడలో డబ్బాలాంటి కెమెరా. నేను దాన్నే వింతగా చూస్తుంటే చటుక్కున నన్ను ఫోటో తీసింది. కెమెరా బర్రుమని ఒక కార్డును బయటికి నెట్టింది. నేను చెయ్యి చాపేలోపే ఆమె దాన్ని కొంగు కింద దాచింది. "జర ఆగు. ఎల్తురు తగిల్తే ఖరాబైతది" అంది. కాసేపటికి కొంగు తీసి చూపించింది. తెల్లటి పొగలోంచి ఎవరో నడిచి వస్తున్నట్టు ముందు నా జుట్టు, తర్వాత కళ్లు, ఆ తర్వాత నోరు తేలాయి. వేల ఫోటోలు చేతుల మీదుగా వెళ్లాయి గానీ, ఒక ఫోటో పుట్టడం అంతవరకు నేను చూడలేదు. ఇచ్చేస్తుందేమో అనుకున్నాను. ఆమె దాన్ని సంచిలో పెట్టుకుని, "గిది సగమే అయింది బిడ్డా. మిగిలిన సగం చేద్దాం, రేపు ఇంటికి రా" అంది.

మర్నాడు సెలవు పెట్టి మరీ వెళ్లాను. ఆమె చేసిన మొదటి పని నా ఫోటో అంచులను కత్తెరతో కత్తిరించడం. వెనక నల్లటి భాగాన్ని ఒలిచి, మిగిలిన పలచని ప్లాస్టిక్‌ను గోరువెచ్చని నీళ్ల తాంబాళంలో వేసింది. ఇద్దరం వంగి చూస్తున్నాం. కొంతసేపు ఏమీ జరగలేదు. ఆ తర్వాత, పాల మీద ఊదితే మీగడ కదిలినట్టు, బొమ్మ ఒక మూల కదిలింది. ఆమె మెత్తటి కుంచెతో ఆ మూలను బుజ్జగిస్తూ పోయింది. నా ముఖం ప్లాస్టిక్‌ను వదిలేసి నీళ్లలోకి వచ్చేసింది. ఉల్లిపొరకంటే పలచగా, నా కళ్లతో, నా ముక్కుతో అటూ ఇటూ ఊగుతోంది. కింద నుంచి దళసరి కాగితం జొనిపి దాన్ని పైకెత్తింది. కాగితం మీద తడిగా ఉన్న ఆ పొరను కుంచెతో లాగింది, మడిచింది. జుట్టును చీర కుచ్చిళ్లలా ముడతలు పెట్టింది. పెదవి కొసను రవ్వంత పైకి జరిపింది.

"గిప్పుడైతే చెప్పిన మాట ఇంటది. ఆరినంక ఎవ్వరి మాటా ఇనది" అంది.

ఆ బొమ్మను రెండు అరచేతుల మీద పెట్టుకుని ఆటోలో పెర్కిట్ దాకా వచ్చాను. ఆటోలో వాళ్లంతా మెడలు చాచి చూడటమే. నేను దిగే చోటు దాటిపోయింది కూడా తెలియలేదు.

ఇక సెలవు దొరికితే చాలు, అక్కడే ఉండేదాన్ని. ఫిల్మ్ పెట్టెలను దుబాయిలో ఉన్న ఆమె తమ్ముడు ఊరికి వచ్చేవాళ్ల సంచుల్లో పెట్టి పంపేవాడు. మన ఎండలకు ఆ ఫిల్మ్ ఎర్రబడిపోతుందని, వాటికి తడిగుడ్డ చుట్టి నీళ్ల రంజన్ కుండ పక్కన పెట్టేది. ఏ ఆలోచన వచ్చినా ఆగేది కాదు. ఒకసారి కాగితాలను పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టి, యార్డులో పసుపు చెరిగే ఆడవాళ్ల బొమ్మలు వాటి మీద పరిచింది. ఎంత బాగా వచ్చాయంటే ఇద్దరం గోడ నిండా అంటించి, వెనక్కి నడిచి చూసి, మళ్లీ దగ్గరికెళ్లి చూశాం. కొద్ది వారాలకే కిటికీ వెలుగుకు పసుపంతా వెలిసిపోయింది. నేను దిగులుపడితే ఆమె పడీ పడీ నవ్వింది. "ఆర్మూర్ల పుట్టి పసుపు సంగతి తెల్వకపాయె నాకు" అంది.

ఆ రోజుల్లోనే మోర్తాడ్ నుంచి లచ్చవ్వ స్టూడియోకి వచ్చింది. బీడీలు చుట్టే మనిషి. పెళ్లైన కొన్నాళ్లకే భర్త సాయన్న గల్ఫ్ వెళ్లాడు. వానకు గోడ కూలి, పెట్టెలోని పెళ్లి ఫోటోలన్నీ నాని పాడైపోయాయి. ఇద్దరూ కలిసున్న ఫోటో ఒక్కటైనా ఇంట్లో ఉండాలని ఆమె కోరిక. విడివిడి ఫోటోలు తీసుకుని కంప్యూటర్లో పక్కపక్కన నిలబెట్టి ఇచ్చాను. ఆమె చాలాసేపు చూసింది.

"మంచిగనే ఉన్నది మేడం. గని మేమిద్దరం ఒకరికొకరం తెల్వనట్టున్నం" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. వెళ్లి టీచర్‌కు చెప్పాను. ఆమె కళ్లు మెరిశాయి. శుక్రవారం, గల్ఫ్‌లో సెలవురోజు, లచ్చవ్వను రమ్మంది. వీడియో కాల్ కలిపాం. సాయన్న గదిలో ఉండే స్నేహితుడెవరో ఫోన్ పట్టుకున్నాడు. టీచర్ కెమెరాకు దగ్గరి వస్తువులు తీసే అద్దం తగిలించి, ఫోన్ తెర మీదికి వంగింది. "సాయన్నా, పక్కన జర జాగ ఇడువు. మీ ఆమె వస్తది" అంది. అతను సిగ్గుపడుతూ ఓ పక్కకు జరగగానే తెర మీది అతన్ని ఫోటో తీసింది. తర్వాత లచ్చవ్వ కూడా పెరట్లో అలాగే పక్కన చోటు వదిలి నిలబడింది. ఆ రెండు ఫోటోలతో పెట్టెలో ఫిల్మ్ అయిపోయింది. మళ్లీ దుబాయి నుంచి ఎవరు వస్తారో, ఎప్పుడు వస్తారో.

లచ్చవ్వ బొమ్మ చక్కగా విడిచి కాగితం మీద కుదురుకుంది. సాయన్న బొమ్మ మాత్రం ప్లాస్టిక్‌ను వదలగానే ముడుచుకుపోయి, తడిసిన దారపు ఉండలా నీళ్లలో తేలింది. టీచర్ కుంచె అందుకుంది. కుంచె కొస వణికింది. కొన్నాళ్లుగా ఆమె చేతిలో చాయ్ గ్లాసు వణకడం గమనిస్తూనే ఉన్నాను. అడిగితే వయసు అనేది. ఇప్పుడామె ఆగింది. కుంచెను గుడ్డతో తుడిచి నా వైపు చాపింది.

"నా చెయ్యి ఇంటలేదు. నువ్వు వెట్టు."

ఎన్నడూ చేయలేదని, చిరిగిపోతుందని అన్నాను. లచ్చవ్వ నా ముఖమే చూస్తోంది.

"నేను వెడితె ఖాయంగ చినుగుతది. నువ్వు వెడితె ఏమైతదో ఇంకా తెల్వది" అంది టీచర్.

కుంచె తీసుకున్నాను. నీళ్లను తప్ప పొరను తాకకూడదన్నట్టు, దాని చుట్టూ మెల్లగా అలలు లేపాను. ఉండలోంచి ముందు ఒక చెవి బయటపడింది. తర్వాత కాలరు. ఒక్కో మడతా విడుతుంటే నా ఊపిరి వినపడుతోంది. భుజం విచ్చుకుంది. చివరికి ముఖం మొత్తం పరుచుకుని నీళ్లలోంచి మమ్మల్ని చూసింది. కాగితాన్ని నీళ్లలో ముంచి, లచ్చవ్వ వదిలిన చోటులోకి అతన్ని జార్చాను. అతని చొక్కా చెయ్యి ఆమె కొంగు మీదికి వచ్చింది. పలచటి చేతిలోంచి ఆమె చీర పూలు కనిపించాయి. దాన్ని వెనక్కి జరపబోయాను. టీచర్ తల అడ్డంగా ఊపింది. అలాగే ఉంచేశాను.

లచ్చవ్వ ఫోన్ కలిపి బొమ్మను అతనికి చూపించింది. సాయన్న తెరకు దగ్గరగా వచ్చాడు.

"నేనెప్పుడొచ్చిన్నే గాడికి?"

"ఇయ్యాల పొద్దుగాలనే" అంది లచ్చవ్వ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. టీచర్ నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ దెబ్బంత గొప్ప బహుమానం నాకు మళ్లీ దొరకలేదు.

ఆ ఏడాదే స్టూడియో పని మానేశాను. టీచర్‌కు నిజామాబాద్ దవాఖానాలో నరాల జబ్బని చెప్పి మందులిచ్చారు. చేయగలిగినన్నాళ్లు ఆమె ఫోటో తీసేది, నేను విప్పేదాన్ని. తర్వాత కెమెరా కూడా నాకే ఇచ్చి, తాంబాళం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. నేను తొందరపడితే గొణిగేది, భయపడితే విసుక్కునేది. పోయిన వానాకాలంలో ఆమె కన్నుమూసింది. మోర్తాడ్, పోచంపాడ్ నుంచి ఇప్పటికీ ఇలాంటి బొమ్మల కోసం ఆమె పేరు అడుగుతూ జనం నా గుమ్మంలోకి వస్తారు.

ఆమె ఏ బొమ్మనూ ఒంటరిగా విప్పేది కాదు. పొర కదలగానే గల్లీలోకి పరుగెత్తి, పాలాయననో, కూరగాయలామెనో, యార్డుకు పోయే హమాలీనో, కనిపించినవాళ్లను లోపలికి పిలిచేది. ఎందుకని అడిగాను ఒకసారి. "ఒక్కదాన్నే చూస్తే నిజంగ అయిందా అని శక్ ఉంటది" అంది. ఇప్పుడు నాకూ అంతే. నీళ్లలో మూల కదిలిందంటే కాళ్లు ఆగవు. మొన్న పసుపు చెరిగి ఇంటికి పోతున్న ఒక ముసలామెను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఏమైందో అని కంగారుగా వచ్చిన మనిషి, తాంబాళంలో ఒక ముఖం లేచి రావడం చూసి, పచ్చటి చేతులు రెండూ వీపు వెనక దాచుకుని, ఊపిరి బిగబట్టి నా పక్కన వంగింది.