గస్తీ వచ్చేదాకా ఉడికిన మాంసం

నవంబరు చివర్లో సరిహద్దు ఆర్మీ పోస్టుకు చేరాను. అరుణాచల్ కొండల్లో పదకొండు వేల అడుగుల ఎత్తు. రెండు బంకర్లు, ఒక వంటగది, చుట్టూ మంచు. నా పని వైర్‌లెస్. ఇబ్రహీంపట్నం ఎండల్లో పెరిగిన ఒళ్లు నాది, మొదటి వారమంతా పళ్లు టకటకలాడుతూనే సెట్లో మాట్లాడాను.

క్రిస్మస్ ముందురోజు కింది ఊరి నుంచి పంది మాంసం వచ్చింది. మా కుక్‌ది మిజోరం. ప్రెషర్ కుక్కర్ రబ్బరు తెగిపోయి ఉంది. అతను పెద్ద గిన్నెలో మాంసాన్ని కొవ్వు వైపు కిందికి పెట్టి, చుక్క నూనె లేకుండా ఎర్రగా కాల్చాడు. అల్లం, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఉప్పు వేసి, నీళ్లు పోసి మూత పెట్టాడు. అంత ఎత్తులో మాంసం ఓ పట్టాన ఉడకదు.

ఉదయం గస్తీకి వెళ్లిన హవల్దారు, ముగ్గురు జవాన్లు రెండింటికల్లా రావాలి. రాలేదు. మంచు తుఫాను మొదలైంది.

"గస్తీ, గస్తీ, పోస్టు పిలుస్తోంది. వినబడుతోందా? ఓవర్."

గరగర తప్ప ఏమీ లేదు. కుక్ గరిటెతోనే బంకర్లోకి వచ్చాడు.

"ఏమైనా తెలిసిందా?" హిందీలో అడిగాడు.

"లేదు."

"అయితే ఇంకో గ్లాసు నీళ్లు పోస్తా. వాళ్లు రాకుండా దించను."

కాసేపటికోసారి అదే ప్రశ్న, అదే గ్లాసు. "నీ మాంసం గోల ఆపు!" అని అరిచేశాను. కోపం కాదు, భయం. అతనూ ఏమీ అనుకోలేదు. అక్కడ నాలుగున్నరకే చీకటి. అయిదు దాటాక మలుపులో టార్చిలైట్లు కనిపించాయి. నాలుగూ ఉన్నాయి.

కాలు జారిన జవానును తాడుతో పైకి లాగుతూ హవల్దారు గ్లవ్స్ పోగొట్టుకున్నాడు. వేళ్లు తెల్లబడి బిగుసుకుపోయాయి.

ఇదంతా అయి చాన్నాళ్లయింది. ఇప్పుడు పెన్షన్ తీసుకుంటూ ఇంటిపట్టునే ఉంటున్నాను. మొన్న ఆదివారం ఇంట్లో అందరికీ ఆ పంది మాంసం రోస్ట్ నేనే చేస్తానన్నాను. విజయవాడలో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఏడింటికి రావాలి. కుండపోత వాన. ఫోన్ స్విచ్చాఫ్. నేను గేటుకీ పొయ్యికీ మధ్య తిరుగుతున్నాను, గ్లాసు గ్లాసూ నీళ్లు పోస్తున్నాను.

"ఏవండీ, రోస్ట్ అన్నారు, పులుసు పెడుతున్నారేంటి?" అంది మా ఆవిడ.

"మూత ముట్టుకోకు."

"నాకన్నా పెట్టరా, ఆకలేస్తోంది," అంది అమ్మ.

"దాన్ని రానీయమ్మా."

ఎనిమిదిన్నరకు తడిసి ముద్దై వచ్చింది పిల్ల. "ఛార్జింగ్ అయిపోయింది నాన్నా. భవానీపురంలో బస్సు కదిలితే ఒట్టు!" తల తుడుచుకుని మూత తీసింది. "అయ్యో, ముక్కలేవి నాన్నా?"

కొండ మీద లెక్కతో ఉడికిస్తే మన ఊళ్లో ముక్క మిగులుతుందా? మొత్తం గుజ్జైపోయింది. అందరూ పగలబడి నవ్వారు. అమ్మాయి అన్నంలో కలుపుకుని, "బాగానే ఉంది, నువ్వూ కూర్చో," అంది. కూర్చుని కంచం ముందుకు లాక్కున్నాను. ఆ పోస్టులో భోజనాల వేళ కళ్ల ముందు కదిలింది.

హవల్దారు కంచం పట్టుకోలేకపోయాడు. కుక్ ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, ముక్క చీల్చి, ఊది, నోటి దగ్గర పెట్టాడు. హవల్దారు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"కుర్రాళ్లు తిన్నారా?"

ముట్టని కంచాలు చేతుల్లో పట్టుకుని, ముగ్గురూ ఒక్కసారే, "తిన్నాం హవల్దార్ సాబ్," అన్నారు.

అప్పుడు నోరు తెరిచాడు.